వినిపించుకోని వరి

దసరా సెలవులకు మా మామయ్య వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, వసారా కిటికీలో విత్తనాల సంచుల పక్కన ఒక లీటరు డబ్బా కనిపించింది. డబ్బా మీద ఏపుగా ఎదిగిన వరి దుబ్బు బొమ్మ, దాని ముందు ఒక డాలు, ఆ పైన పెద్ద అక్షరాలతో ‘పైరులో రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అన్న వాక్యం ఉన్నాయి. లోపల ఏమున్నదో చెప్పవలసిన చోట మాత్రం ‘సహజ పదార్థాలు’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేవు. ధర అడిగితే మామయ్య మాట మార్చాడు. ఎందుకు కొన్నావని అడిగితే మాత్రం దాచలేదు. “ఆకులు కొసల నుంచి ఎండుతున్నాయంటే కొట్టాయన ఇచ్చాడురా. కరోనా అప్పుడు మనం కషాయాలు తాగలా, పైరుకు ఇదీ అట్లాంటిదే బాబాయ్ అన్నాడు” అని చెప్పాడు.

ఆ కొట్టాయన మీద నాకు పెద్దగా కోపం రాలేదు. అతడు చెప్పిన పోలికనే నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతూ ఎన్నో ఏళ్ళు వాడాను. మొక్కలకు కూడా మనలాగే రోగనిరోధక శక్తి ఉంటుందని, అది ఎక్కువ ఉన్న రకం తెగులును తట్టుకుంటుందని, తక్కువ ఉన్నది లొంగిపోతుందని బోర్డు మీద రాసి, కింద గీత గీసి మరీ చెప్పాను. ఆ వాక్యంలో ‘శక్తి’ అన్న మాట తప్పుదారి పట్టిస్తున్నదని నాకు అనిపించడం మొదలై కొంతకాలమే అయింది. మామయ్య కిటికీలోని డబ్బా చూశాక, ఆ తప్పు తరగతి గదిలోనే ఆగలేదనీ, దానికి సీసా కట్టి అమ్ముతున్నారనీ తెలిసింది. ఈ రాతంతా ఆ ఒక్క మాట మీద నా తగాదా.

గ్లాసు నీళ్ళలో పాలధార

మర్నాడు మంచు ఆరకముందే చేలోకి దిగాం. సాంబమసూరి చిరుపొట్ట దశలో ఉంది. గట్టు మీద నుంచి చూస్తే మడి మధ్యలో అక్కడక్కడ ఎవరో పసుపు నీళ్ళు చల్లినట్టుంది. ఒక ఆకు పట్టుకుని చూస్తే ఎండు కొస దగ్గర మొదలై అంచు వెంబడి కిందికి దిగుతోంది. ఎండిన భాగానికీ పచ్చని భాగానికీ మధ్య గీత తిన్నగా లేదు, అలలు అలలుగా ఉంది. అంచున ఆవగింజ కన్నా చిన్నవైన లేత పసుపు బొట్లు వేలికి జిగురుగా అంటుకున్నాయి. ఎండ ఎక్కేసరికి అవే గట్టిపడి చిన్న చిన్న ఉండలై రాలిపోతాయి. మామయ్య దీన్ని మొదట జింకు లోపం అనుకుని జింకు సల్ఫేటు కొట్టించాడు, తర్వాత పైరు నీరసంగా ఉందని యూరియా వేశాడు, ఆ తర్వాత డబ్బా కొన్నాడు. రెండో పని చేసి ఉండకూడదు. ఇది ఎండాకు తెగులు. ఇది కనబడితే మొట్టమొదట ఆపవలసింది నత్రజనే, అంటే యూరియానే.

ఇంటి నుంచి గాజు గ్లాసు తెచ్చుకున్నాను. పచ్చదనం ఎండుతో కలిసే చోట ఆకును కత్తెరతో అడ్డంగా కోసి, కోసిన అంచు తేట నీళ్ళలో మునిగేలా పెట్టి, గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలకు ఆ అంచు నుంచి సన్నని తెల్లని ధార, అగరువత్తి పొగ తలకిందులుగా దిగుతున్నట్టు, గ్లాసు అడుగుకు జారడం మొదలైంది. అదంతా బాక్టీరియానే. ఆకు నాళాల్లో కిక్కిరిసి ఉన్న జాంథోమోనాస్ ఒరైజే గుంపులు గుంపులుగా నీళ్ళలోకి వస్తోంది. మామయ్య గ్లాసు అందుకుని చాలాసేపు చూశాడు. “ఇదంతా లోపల ఉంటే మనం పైన కొట్టింది ఎక్కడికి పోయినట్టు?” అన్నాడు. నేను క్లాసులో వేయించుకోవాలని ఆశపడే ప్రశ్న అది.

1884లో జపాన్‌లోని ఫుకుఒకా ప్రాంతపు రైతులు ఈ తెగులును మొదటిసారి గుర్తించినప్పుడు, ఆకుల మీది మంచు పులిసి ఆమ్లంగా మారడం వల్ల ఇలా అవుతున్నదని అనుకున్నారట. నవ్వవలసిన సంగతేమీ కాదు. ఆ బొట్లలోనే దోషం ఉందని వాళ్ళు సరిగ్గానే పట్టుకున్నారు, ఆమ్లమా ప్రాణా అన్నదే తేలలేదు. సూక్ష్మజీవిని వేరుచేసి, 1922లో దానికి శాస్త్రీయమైన పేరు పెట్టేదాకా దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. మన దేశంలో 1951లో మహారాష్ట్రలో కనిపించినా, 1963లో బీహారులోని షాహాబాద్ జిల్లాను ఊడ్చేసేదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత పొట్టి రకాలు, వాటితో పాటు యూరియా బస్తాలు వచ్చాయి. ఇక దానికి ఎదురు లేకపోయింది.

అది లోపలికి పోయే దారి కూడా చెప్పుకోవాలి. తెల్లవారుజామున వరి ఆకుల కొసల మీద, అంచుల మీద మెరిసే చుక్కలన్నీ ఆకాశం నుంచి పడ్డ మంచు కావు, వాటిలో చాలా వరకు వేళ్ళు తాగిన నీటిని ఆకు సన్నని రంధ్రాల గుండా బయటకు నెట్టినవే. ఎండ తగలగానే ఆ చుక్కలో కొంత తిరిగి లోపలికి ఇంకుతుంది. చుక్కలో ఈదుతున్న బాక్టీరియా దానితో పాటే నేరుగా నీటి నాళాల్లోకి చేరుతుంది. గాయాలు రెండో దారి. అందుకే నాటేటప్పుడు నారు కొసలు తుంచవద్దని చెబుతారు. తమాషా ఏమిటంటే, కాండం తొలిచే పురుగు గుడ్లు పోవాలంటే కొసలు తుంచి నాటమనీ చెబుతారు. ఈ రెండు సలహాలూ విన్న కూలీల ముఠా మేస్త్రి మా మామయ్యతో, “ముందు మీరూ మీరూ తేల్చుకోండి” అన్నాడట. మొక్క లోపల కూడా ఇంచుమించు ఇదే తగాదా నడుస్తుంది, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

చక్కెర గిన్నె మూత

నాళాల్లో చేరిన బాక్టీరియాకు నీళ్ళు దొరికాయి గానీ తిండి పెద్దగా లేదు. కణాలలో చక్కెర నిండుగా ఉంది, మధ్యలో కణకవచం ఉంది. బాక్టీరియా గోడను కరిగించే ఎంజైములను వదులుతుంది. ఇక్కడే దానికి చిక్కు. గోడ కరిగినప్పుడు రాలే ముక్కలను వరి కణం గుర్తుపట్టి, ఇంట్లో కన్నం పడిందని గ్రహించి, గోడకు లోపలి నుంచి అదనపు పూత పూసుకోవడం మొదలుపెడుతుంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం 2007లో చూపిన విషయం ఇదే. దొంగ గోడ తవ్వే చప్పుడుకే ఇల్లు మేలుకుంటుంది. మేలుకున్న ఇంటిని మళ్ళీ నిద్రపుచ్చడానికి బాక్టీరియా సూది వంటి నిర్మాణం గుండా మరికొన్ని ప్రోటీన్లను నేరుగా కణంలోకి ఎక్కిస్తుంది. ఆ సూది లేని బాక్టీరియాను ఆకులోకి ఎక్కిస్తే, తవ్వుడు జరుగుతుంది, అలారం మోగుతుంది, తెగులు మాత్రం రాదు.

సూదితో ఎక్కించే వాటిలో ఒక జాతి ప్రోటీన్లు కణ కేంద్రకంలోకి దూరి, వరి జన్యువు ముందున్న ఒక చోటును వెతికి పట్టుకుని, ఆ జన్యువును తెరుస్తాయి. వీటికి టేల్ ప్రోటీన్లని పేరు. ఒక్కొక్కటీ ముప్పై నాలుగేసి అమైనో ఆమ్లాల ముక్కలు పూసల్లా వరసగా గుచ్చినట్టుంటుంది. ప్రతి పూసలో రెండు అక్షరాలు మాత్రం మారుతుంటాయి, ఆ రెండే డీఎన్ఏలో ఒక అక్షరాన్ని గుర్తుపడతాయి. ఈ లిపిని 2009లో రెండు బృందాలు విడివిడిగా, ఇంచుమించు ఒకేసారి చదవగలిగాయి. మన తెగులు బాక్టీరియా వాడే ఒక టేల్ వరిలో స్వీట్11 అనే జన్యువును తెరుస్తుంది. ఆ జన్యువు పని చక్కెరను కణం లోపలి నుంచి బయటికి పంపడం. ఇంకేముంది, గిన్నె మూత తెరుచుకుంటుంది, బాక్టీరియా విందు చేసుకుంటుంది. ఇందులో మొక్క బలహీనత అని దేన్ని అనాలి? మొక్క తన జన్యువును తానే, తన యంత్రాంగంతోనే, చక్కగా, చురుగ్గా నడిపింది. ఆరోగ్యంగా ఉన్న మొక్కే ఆ ఆజ్ఞను అంత బాగా పాటించగలదు. యూరియాతో ఏపెక్కిన చేలో తెగులు ఎందుకు చెలరేగుతుందో దీనివల్ల మొత్తంగా కాకపోయినా కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. సాంబమసూరి, అంటే 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, ఈ తెగులుకు బొత్తిగా ఆగదు. దాన్ని ఆగేలా చేయాలని హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ కలిసి పనిచేసి 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని ఇచ్చాయి. జన్యుమార్పిడి కాదు, మామూలు సంకరణమే. ఏ పిల్లమొక్కలో కావలసిన జన్యువు వచ్చిందో డీఎన్ఏ గుర్తుల ద్వారా చూసుకుంటూ, తరతరానికీ మళ్ళీ సాంబమసూరితోనే కలుపుతూ, గింజ తీరు మారకుండా మూడు జన్యువులను చేర్చారు. వాటి పేర్లు ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదటిదాని తొలి అక్షరం పెద్దది, మిగిలిన రెండింటివీ చిన్నవి. పాఠం చెప్పేటప్పుడు నేను దీన్ని పరీక్షలో వచ్చే బిట్టుగా చూసి దాటేసేవాణ్ణి: పెద్దక్షరమైతే బహిర్గతం, చిన్నదైతే అంతర్గతం. ఆ చిన్నక్షరాలు నిజానికి ఏం చెబుతున్నాయో ఆలోచించలేదు.

ఎక్స్‌ఏ13 అంటే కొత్త ఆయుధం ఏమీ కాదు. స్వీట్11 జన్యువు ముందు బాక్టీరియా టేల్ పట్టుకునే చోట అక్షరాలు కాస్త మారిపోయాయి, అంతే. తాళంచెవి అదే, తాళం రంధ్రం మారింది. బాక్టీరియా ఎంత అరిచినా ఆ జన్యువు తెరుచుకోదు. ఎక్స్‌ఏ5 ఇంకా చిత్రం. ఏ జన్యువునైనా చదవడం మొదలుపెట్టేటప్పుడు కణం వాడుకునే యంత్రాంగంలో ఒక చిన్న ప్రోటీను ఉంది, టేల్‌లు తమ పనికి దాన్ని పట్టుకుని వేలాడతాయి. ఆ ప్రోటీనులో ముప్పై తొమ్మిదో స్థానంలో వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం వచ్చింది. మొక్క తన పని తాను చేసుకుంటుంది, టేల్‌కు మాత్రం పట్టు దొరకదు. అంటే మూడింట రెండు జన్యువులు మొక్కకు ఏ శక్తినీ ఇవ్వలేదు. చెప్పిన మాట వినిపించుకోకపోవడం నేర్పాయి. ఆ చిన్నక్షరాల అర్థం అదే. ఒక చెవి పనిచేస్తున్నా ఆజ్ఞ వినబడుతుంది కాబట్టి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ చెవిటివైతేనే మొక్క తప్పించుకుంటుంది.

అలాగని ఆ చక్కెర జన్యువునే తీసిపారేస్తే సరిపోతుందా అంటే, కుదరదు. స్వీట్11 అణిగిపోయిన వరిలో పుప్పొడి సరిగా తయారు కాదు, గింజ పాలు పోసుకోదు. మూత ఉండాలి, ఇంటివాళ్ళు తెరిస్తే తెరుచుకోవాలి, దొంగ తెరిస్తే తెరుచుకోకూడదు. ఎక్స్‌ఏ13లో జరిగిన మార్పు సరిగ్గా అంత సన్ననిది. 2019లో ఒక అంతర్జాతీయ బృందం స్వీట్11, దాని కుటుంబంలోని మరో రెండు జన్యువుల ముందు ఇలాంటి మార్పులనే జన్యుసవరణతో చేసి, ఐఆర్ 64 వంటి రకాల్లో తెగులు ఆగుతుందని చూపింది. వాళ్ళూ మొక్కకు కొత్త జన్యువేదీ జోడించలేదు, కొన్ని అక్షరాలు మార్చారు.

(ఒక పక్కమాట. ఈ మెరుగుపరచిన సాంబమసూరిని ఇప్పుడు బస్తీల్లో ‘షుగర్ ఉన్నవాళ్ళ బియ్యం’ అని అమ్ముతున్నారు. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక దానికి 50.99 అని తేలడమే కారణం. బాక్టీరియాకు చక్కెర అందకుండా చేయాలని తీసుకొచ్చిన వరి మనుషులకు కూడా చక్కెర నెమ్మదిగా అందించడం వినడానికి ముచ్చటగా ఉంటుంది. రెంటికీ సంబంధం ఉందని మాత్రం నేను అనను. ఎవరైనా అంటే డబ్బా మీది వాక్యంలాంటిదే మరొకటి తయారవుతుంది.)

మూడోది మాత్రం చెవే

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డం తిరగాలి. ఎక్స్‌ఏ21 వినిపించుకోకపోవడం కాదు, పాము చెవి. ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చిన ఒక అడవి వరిలో ఈ గుణం ఉన్నట్టు 1977లో కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం ఏళ్ళ తరబడి సంకరణాలు చేసి దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసింది. కణం పైపొర మీద నిలబడి బయటి సంకేతాన్ని పట్టుకుని లోపలికి కబురు పంపే ప్రోటీను అది. అయితే బయట అది దేన్ని పట్టుకుంటుందన్నది చాలాకాలం తేలలేదు. 2009లో తేల్చామని వాళ్ళు ప్రకటించారు. తర్వాత తమ ప్రయోగశాలలోనే సూక్ష్మజీవుల నమూనాలు తారుమారయ్యాయనీ, పరీక్ష పద్ధతి నమ్మదగినది కాదనీ తామే కనిపెట్టి, 2013లో ఆ పత్రాన్ని తామే వెనక్కి తీసుకున్నారు. 2015లో అసలు సంకేతాన్ని పట్టుకున్నారు. రాక్స్ఎక్స్ అనే చిన్న పెప్టైడు, అంటే బుల్లి ప్రోటీను ముక్క అది. మొక్కలో పెరుగుదలకు పనికొచ్చే ఒక పెప్టైడుకు అది నకలు. బాక్టీరియా మొక్క గొంతును అనుకరిస్తోంది. మామూలు వరి ఆ గొంతుకు మోసపోతుంది, ఎక్స్‌ఏ21 ఉన్న వరి ఆ అనుకరణను కనిపెడుతుంది.

ఈ కథను నేను పిల్లలకు వివరంగానే చెబుతాను. విజ్ఞానశాస్త్రంలో పరువు ఎక్కడ ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కానీ ఇక్కడ దీని అవసరం వేరు. ఎక్స్‌ఏ21 ఉన్నంత మాత్రాన ‘శక్తి’ ఉన్నట్టా? అదే జన్యువు ఉన్న నారు మొక్క లేతగా ఉన్నప్పుడు తెగులుకు పెద్దగా ఆగదు, ముదిరాకే ఆగుతుంది. అది పట్టుకునే పెప్టైడును మార్చుకున్న బాక్టీరియా ముందు అది పనికిరాదు. శక్తి అయితే ఎవరి మీదైనా అంతో ఇంతో పనిచేయాలి. ఇది ఒక ముఖాన్ని గుర్తుపడుతుంది, మరో ముఖం ఎదురుగా నిలబడ్డా పలకరించదు. దీన్ని గుర్తింపు అనాలి, ఎరుక అన్నా తప్పులేదు.

గుర్తించాక మొక్క చేసే పని కూడా బలప్రదర్శనలా ఉండదు. 1963లో హంగరీలో జోల్టాన్ క్లెమెంట్ పొగాకు ఆకుల్లోకి, పొగాకుకు తెగులు తేలేని బాక్టీరియాలను సూదితో ఎక్కించి చూశాడు. ఆకు ఎక్కించిన మేరకు ఒక్క రోజులోనే చచ్చి కాగితంలా ఎండిపోయింది. పొగాకుకు నిజంగా తెగులు తెచ్చే బాక్టీరియాను ఎక్కించిన ఆకు మాత్రం మొదట్లో పచ్చగా, నిక్షేపంగా కనిపించింది. తట్టుకునే మొక్క ముందు చచ్చిపోయే మొక్క, తన కొన్ని కణాలను తానే చంపుకుని శత్రువును అక్కడే ఎండగట్టే మొక్క. ఎక్స్‌ఏ27 అనే మరో వరి జన్యువులో ఈ తర్కం పరాకాష్ఠకు వెళ్ళింది. అక్కడ మొక్క, టేల్ పట్టుకునే చోటును తీసుకెళ్ళి తన కణాన్ని చంపే జన్యువు ముందు పెట్టుకుంది. బాక్టీరియా అలవాటు చొప్పున మీట నొక్కుతుంది, చక్కెర గిన్నె బదులు బోను మూత పడుతుంది.

సీసా పక్షాన నాలుగు మాటలు

ఇంత రాశాక, మామయ్య కొన్న డబ్బాలాంటివన్నీ మోసమని తీర్పు చెప్పేస్తే నా పని సులువైపోతుంది. అలా చెప్పలేను. జపాన్‌లో ప్రోబెనజోల్ అనే మందును 1970ల నుంచి వరిలో వాడుతున్నారు. అది తెగులు కారకాన్ని నేరుగా చంపదు, మొక్కనే ముందుగా అప్రమత్తం చేస్తుంది. అగ్గి తెగులు మీదే కాదు, ఎండాకు మీద కూడా పనిచేస్తుంది. మొక్క రక్షణను నడిపే హార్మోన్లలో ఒకటైన సాలిసిలిక్ ఆమ్లపు దారిని తట్టిలేపే మందులు యూరప్‌లో కూడా అమ్మకానికి వచ్చాయి. పైన చెప్పిన సీసీఎంబీ పనిలోనే, గోడ కరిగించే ఎంజైమును శుద్ధి చేసి ముందుగా ఆకులోకి ఎక్కిస్తే, ఆ తర్వాత వచ్చే బాక్టీరియాను ఆకు నిలవరించగలిగింది. పొటాష్ తగినంత వేసిన చేను, నత్రజని అదుపులో ఉన్న చేను తెగులుకు తక్కువ లొంగుతాయని ప్రతి రైతుకూ తెలుసు. కాబట్టి పెంచడం అంటూ ఏమీ లేదని నేను వాదిస్తే నా చేతిలోని గ్లాసే నన్ను వెక్కిరిస్తుంది.

ఆ మందులు చేసే పని నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపడం. లేచినవాడికి ఎదుటివాడి ముఖం తెలియకపోతే ఆ మెలకువ వృథా అయినా అవుతుంది. పైగా రాత్రంతా మేలుకుని కూర్చోవడానికి ఖర్చు ఉంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, రక్షణ ఎప్పుడూ తెరిచే ఉండేలా మారిన రకాలు కొన్ని ఉన్నాయి. వాటికి నిజంగానే తెగుళ్ళు తక్కువ. కానీ అవి మరుగుజ్జులు, ఆకులు ముడుచుకుని, ఎదగక, అరచేతిలో సగానికి సరిపోతాయి. ఎకరాకు ముప్పై అయిదు బస్తాలు ఆశించే మామయ్యకు అలాంటి శక్తి ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దంటాడు.

ఇంకో ఇబ్బంది ఉంది, మేస్త్రి అన్న మాటలాంటిది. మొక్కలో రక్షణ ఒకటే తీరు కాదు. స్థూలంగా, బతికున్న కణం మీద ఆధారపడే బాక్టీరియాల వంటి వాటిని ఎదుర్కొనేటప్పుడు సాలిసిలిక్ ఆమ్లం దారి, నమిలే పురుగులను ఎదుర్కొనేటప్పుడు జాస్మోనిక్ ఆమ్లం దారి ముందుకు వస్తాయి. చాలాసార్లు ఒకటి లేస్తే ఇంకొకటి అణుగుతుంది. టమాటా ఆకు మీద మచ్చలు తెచ్చే సూడోమోనాస్ అనే బాక్టీరియాకు ఈ కిటుకు బాగా తెలుసు. బాక్టీరియా దగ్గరకు రాగానే ఆకు తన పత్రరంధ్రాలను మూసుకుంటుందనీ, ఆ బాక్టీరియా కొరొనటీన్ అనే విషాన్ని వదిలి వాటిని మళ్ళీ తెరిపిస్తుందనీ 2006లో తేలింది. కొరొనటీన్ జాస్మోనిక్ హార్మోనుకు నకలు. అంటే ఆ బాక్టీరియా మొక్క రక్షణను తగ్గించడం లేదు, ఒక రక్షణను పెంచుతోంది, పురుగుల కోసం ఉన్న రక్షణను. దాని చాటున తాను లోపలికి వస్తోంది. డబ్బా మీద రాసిన ప్రకారం చూస్తే సూడోమోనాస్ కూడా రోగనిరోధక శక్తిని పెంచే ఉత్పత్తే.

ఇక మిగిలినది యాంటీబయాటిక్ పొడి. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొట్లాలను మన జిల్లాల్లో వరి మీద, నిమ్మ మీద చల్లడం చూస్తూనే పెరిగాం. నాళాల లోపల ఉన్న గుంపును ఆకు మీది తడి ఎంత చేరగలదన్నది మామయ్య ఆ ఉదయమే అడిగిన ప్రశ్న. మనిషికి క్షయ వస్తే వాడే మందును చేలమీద పోయడం ఎంతవరకు సబబన్నది అంతకన్నా పెద్దది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ముసాయిదా ఉత్తర్వు, 2024 జనవరి 1 నుంచి వ్యవసాయంలో వీటి వాడకం పూర్తిగా ఆగిపోవాలని చెప్పింది. ఆ ఖాళీలోకి ‘శక్తి’ డబ్బాలు రావడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. ఒక సీసా పోయిన చోట ఇంకో సీసా ఉండాలి కదా.

చేనంతా ఒకే తాళం

‘శక్తి’ అన్న మాట చేసే అసలు నష్టం, నా లెక్కలో, అది మన చూపును ఒక్క మొక్క మీద బిగించేయడం. నీ పైరు నీరసంగా ఉంది, దానికి బలం మందు పట్టించు, అని అది చెబుతుంది. గుర్తింపు అనుకుంటే చూపు గట్టు దాటి వెళ్ళక తప్పదు, ఎవరి ముఖం, ఎన్ని ముఖాలు, ఈ ఊళ్ళో ఈ ఏడాది ఏ ముఖం తిరుగుతోంది అని అడగవలసి వస్తుంది. కాలువ కింద మూడు ఊళ్ళ పొలం అంతా ఒకే బీపీటీ వేస్తే, అన్ని తలుపులకూ ఒకే తాళం వేసినట్టు. ఎక్స్‌ఏ4 అనే ఒక్క జన్యువుతో 1970లలో ఆసియా అంతటా ఐఆర్ రకాలు పరుచుకున్నాక, దాన్ని దాటిపోయే బాక్టీరియా తెగలు కొన్నేళ్ళకే పైకి వచ్చాయి. మూడు జన్యువులు ఒకేసారి పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే. మూడు తాళాలనూ ఒకేసారి దాటే మార్పు రావడం కష్టం. కష్టమే గానీ అసాధ్యమని రాయలేను. టేల్‌లను గుర్తుపట్టే ఎక్స్‌ఏ1 అనే జన్యువును తప్పించుకోవడానికి, కొన్ని బాక్టీరియాలు సగం విరిగిన టేల్‌లను తయారుచేసి ఆ కాపలాను తికమక పెడుతున్నాయని 2016లో తెలిసింది. పనికిరాని తాళంచెవుల గుత్తిని కాపలావాడి చేతిలో పెట్టి, వాడు వాటిని చూస్తుండగా లోపలికి పోవడం లాంటిది.

ఇదంతా నేను మామయ్యకు ఒక్క పూటలో చెప్పలేదు, మూడు రోజులు పట్టింది, సగం ఆయనే అడిగి చెప్పించుకున్నాడు. చెవిటి జన్యువుల మాట ఆయనకు నచ్చింది. మెరుగుపరచిన సాంబ వేసి చూడమంటే, మర వాళ్ళు పాత పేరే అడుగుతారనీ, పేరులో ఒక్క మాట మారినా బస్తాకు ఎంతో కొంత కోస్తారనీ అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, జన్యుశాస్త్రంలోనూ లేదు. నేను బయలుదేరే ముందు రోజు రాత్రి, భోజనాల దగ్గర, చెయ్యి కడుక్కుంటూ ఇలా అడిగాడు: “ఒరే, తెగులు మాట వినని పైరు యూరియా మాట వింటుందంటావా?”

మంచి ప్రశ్నే. ఎక్స్‌ఏ5 మార్పు కణపు సాధారణ యంత్రాంగంలోనే ఉంది కాబట్టి, ఆ మార్పు పైరుకు ఇతర పనుల్లో ఏదైనా ఖర్చు పెడుతుందా అన్న సందేహం శాస్త్రవేత్తలకు కూడా వచ్చినదే. దిగుబడిలో, గింజలో తేడా రాలేదని చూసుకున్నాకే రకాన్ని విడుదల చేశారు. వింటుందని చెప్పాను. “అయితే రెండెకరాలు చూద్దాం” అన్నాడు. మిగతా నాలుగెకరాల్లో మాత్రం పాత బీపీటీయేనట, అందులో బేరం లేదు.

ఆ డబ్బా ఇంకా కిటికీలోనే ఉంది, ముప్పాతిక వంతు మిగిలింది. పారబోయమని అత్తయ్య అంటోంది. డబ్బు పెట్టి కొన్నదాన్ని పారబోయడానికి మామయ్యకు చెయ్యి రావడం లేదు. పాదులకు పోస్తే ఏమైనా అవుతుందా అని ఫోన్‌లో అడిగాడు. ఏమున్నదో రాయలేదు కాబట్టి తినే పాదుకు వద్దన్నాను.